టీ గ్లాసుకు ఇంట్లో చోటెక్కడ?

సాయంత్రం నాలుగున్నర. తాతయ్య చేతిలో పొద్దుటి పేపరు, పక్కన టీపాయ్ మీద స్టీలు గ్లాసులో అప్పుడే వడకట్టి తెచ్చిన టీ. గ్లాసు చెయ్యి కాలుతోంది గనక ఒక గుక్క తాగి, కాస్త ఆరనిద్దామని దించేశారు. పదకొండు నెలల మనవడు చాప మీద ఆడుకుంటున్నాడు. అమ్మమ్మ ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల్లి వంటింటి గుమ్మంలో ఉంది. పిల్లాడు బొమ్మ వదిలేసి పాకుతూ వచ్చి, టీపాయ్ అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "అబ్బో, లేచాడే!" అని ముగ్గురూ మురిసిపోతుండగానే రెండో చెయ్యి గ్లాసు అంచు మీద పడింది.

ఈ ఇంటిని ఎవరూ అజాగ్రత్త ఇల్లు అనలేరు. ముగ్గురు పెద్దవాళ్లున్నారు, ముగ్గురి కళ్లూ పిల్లాడి మీదే ఉన్నాయి. వేడి టీ, కాఫీ, పాలు మీద పడి పసిపిల్లలు కాలిన సందర్భాల్లో తరచూ కనిపించేది ఇదే. పెద్దవాళ్లు చేతికందే దూరంలో ఉండగానే జరిగిపోతుంది. అందుకే "పిల్లల్ని కనిపెట్టుకుని ఉండండి" అనే సలహా వినడానికి బాగుంటుంది గానీ ఈ ప్రమాదాన్ని ఆపలేదు. కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి కదిలేలోపు గ్లాసు ఒరిగిపోతుంది. పిల్లాడు లేచేసరికి ఆ గ్లాసు అక్కడ లేకుండా చూడటం ఒక్కటే మన చేతిలో ఉన్న పని.

మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది అన్ని వయసులవాళ్లకూ, అన్ని రకాల కాలిన గాయాలకూ కలిపి చెప్పిన లెక్క. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేవి మంటలు, గ్యాస్ సిలిండర్, దీపావళి టపాసులు. అయిదేళ్లలోపు పిల్లల దగ్గరికి వచ్చేసరికి అసలు శత్రువు నిప్పు కాదు, వేడి ద్రవం. పేపర్లో వార్తగా రాదు కాబట్టి దాని గురించి మాట్లాడుకోవడమూ తక్కువే.

ఇంతకీ టీ ఎంత వేడిగా ఉంటుంది? మనం టీ పెట్టే పద్ధతిలోనే ఒక తేడా ఉంది. బ్రిటన్‌లో మరిగిన నీళ్లలో టీ బ్యాగు వేసి, పైన ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోసుకుంటారు. ఆ పాలతో కప్పు వేడి అక్కడికక్కడే కొన్ని డిగ్రీలు దిగుతుంది. మనం నీళ్లు, పాలు, టీ పొడి, పంచదార అన్నీ కలిపి పొంగు వచ్చేదాకా మరిగించి, స్టవ్ మీద నుంచి నేరుగా వడకడతాం. గ్లాసులో పడేసరికి అది 80 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఫిల్టర్ కాఫీ కాస్త నయం. డికాషన్ చల్లారి ఉంటుంది, పైగా గ్లాసులోకీ గిన్నెలోకీ రెండుమూడు సార్లు తిరగబోస్తే వేడి దిగుతుంది. నురుగు కోసమే అలా చేస్తారని చాలామంది అనుకుంటారు గానీ, నోరు కాలకుండా తాగడానికీ అదే పనికొచ్చేది. ఇరానీ చాయ్‌ని సాసర్‌లో పోసుకుని జుర్రుకోవడమూ అలాంటిదే. ఈ రెండు అలవాట్లూ ఇప్పుడు ఇళ్లలో తగ్గిపోయాయి. వాటి స్థానంలోకి వచ్చిన మందపాటి పింగాణీ మగ్గు వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది.

వేడికీ చర్మానికీ ఉన్న లెక్కను 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చారు. ఇప్పటికీ అందరూ దాని మీదే ఆధారపడుతున్నారు. పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి 60 డిగ్రీల నీళ్లకు సుమారు 5 సెకన్లు పడుతుంది. 70 డిగ్రీలయితే ఒక్క సెకను చాలు. 49 డిగ్రీల దగ్గర అదే పనికి పది నిమిషాల దాకా పడుతుంది. పసిపిల్లల చర్మం ఇంకా పల్చన, కాబట్టి వాళ్లకు అంత టైమ్ కూడా అక్కర్లేదు. కాఫీ హాయిగా తాగడానికి తగిన వేడి 58 డిగ్రీలకు కాస్త అటూఇటూ అని 2008లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు లెక్కగట్టారు. అంటే పెద్దవాళ్లు "ఇప్పుడు సరిగ్గా ఉంది" అని తాగే టీ కూడా పిల్లల ఒంటి మీద పడితే కాల్చగలదు. కప్పులో పోసిన పావుగంట తర్వాత కూడా టీ చర్మాన్ని కాల్చగలదని డాక్టర్లు చెప్పేది అందుకే. ఇంకోమాట. నాలుక మొద్దుబారేంత వేడిగా తాగితే తప్ప టీ తాగినట్టుండదనే వాళ్లున్నారు. 65 డిగ్రీలకు మించిన వేడితో ఏది తాగినా క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది. కాస్త ఆగి తాగితే పిల్లలకే కాదు, తాగేవాళ్లకూ మంచిదే.

పాల సంగతి వేరు. కాచిన పాల మీద మీగడ కట్టగానే ఆవిరి కనిపించదు. "పొగ రావట్లేదు, ఆరిపోయుంటాయిలే" అనిపిస్తుంది. నిజానికి ఆ మీగడ పొరే మూతలా పనిచేసి కింద పాలను వేడిగా ఉంచుతుంది. సాంబారు, పప్పు, రాగి జావ, గంజి లాంటివి చిక్కగా ఉంటాయి కాబట్టి నీళ్లలా జారిపోవు. పడినచోట అంటుకుని కాలుస్తూనే ఉంటాయి.

పెద్దవాళ్ల తొడ మీద అరగ్లాసు టీ ఒలికితే ఒక మచ్చతో పోతుంది. అదే టీ పది కిలోల పిల్లాడి మీద పడితే కథ వేరు. ఆ పిల్లాడి ఒంటి చర్మమంతా కలిపినా అర చదరపు మీటరుకు మించదు. పెద్దవాళ్లకు అది 1.7 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. పిల్లల శరీరంలో తల వాటా కూడా ఎక్కువ. పెద్దవాళ్లకు తలా మెడా కలిపి 9 శాతమయితే, ఏడాది లోపు పిల్లలకు దానికి రెట్టింపు. పైనుంచి పడే టీ ముందు తగిలేది అక్కడే. ముఖం, గడ్డం, మెడ, భుజం, ఛాతీ మీదుగా కిందికి జారుతూ సన్నబడుతుంది. తిరగేసిన త్రికోణం లాంటి ఆ ఆకారాన్ని చూడగానే ఏం జరిగిందో డాక్టర్లకు అర్థమైపోతుంది. పిల్లాడి సొంత అరచెయ్యి, వేళ్లతో కలిపి, వాడి ఒంట్లో దాదాపు ఒక శాతం. అలాంటివి పది అరచేతులంత కాలిందంటే సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి. ఒక నిండు గ్లాసు దానికి సరిపోతుంది.

ఇక పిల్లల వైపు నుంచి చూద్దాం. ఆరో నెల దాటాక ఏది కనిపించినా చెయ్యి చాపి పట్టుకుంటారు. ఎనిమిది, పది నెలల మధ్య ఏదో ఒకటి ఆసరా చేసుకుని లేచి నిలబడతారు. ఏడాదికి అటూఇటూగా అడుగులేస్తారు. ఒక్కో కొత్త విద్యా ఒక్కరోజులో వచ్చేస్తుంది, ముందుగా చెప్పి రాదు. నిన్నటిదాకా అందని టీపాయ్ ఇవాళ అందుతుంది. ఇంట్లో వాళ్ల అంచనా ఎప్పుడూ పిల్లాడి కంటే ఒక వారం వెనకే ఉంటుంది. ఏడాది నిండిన పిల్లల ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. టీపాయ్ ఎత్తు అందులో సగం కంటే కాస్త ఎక్కువ. అంటే అది సరిగ్గా వాళ్ల గుండెల దగ్గరికి వస్తుంది. మాటల్లో మాట, టీపాయ్‌కీ మనం తాగే టీకీ సంబంధమే లేదు. మూడు కాళ్లది అనే అర్థంలో హిందీ నుంచి వచ్చిన పేరది. దాని మీద టీ గ్లాసు పెట్టాలని ఎక్కడా రాసి లేదు.

స్టీలు గ్లాసు ఇక్కడ ఇంకో చిక్కు తెస్తుంది. స్టీలు వేడిని త్వరగా బయటికి లాగుతుంది, చేత్తో పట్టుకోలేం. అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, ఎక్కడ వీలైతే అక్కడ గబుక్కున దించేస్తాం. కుర్చీ చెయ్యి, సోఫా అంచు, మంచం పక్క స్టూలు, చాప పక్కన నేల. ప్రమాదం మొదలయ్యేది ఆ దించే క్షణంలోనే, పిల్లాడు వచ్చాక కాదు. పాత పెంకుటిళ్లలో ప్రతి గదిలోనూ గోడకు గూళ్లుండేవి. వంటింట్లో ఉట్టి ఉండేది. పాలు, పెరుగు పిల్లికీ పిల్లలకీ అందకుండా చూడటానికి ఎవరో బాగా ఆలోచించే కట్టారు. ఇప్పటి ఫ్లాట్లలో నున్నటి గోడలు, కింద మోకాలెత్తు ఫర్నిచరు. గ్లాసు పెట్టడానికి ఛాతీ ఎత్తులో ఒక్క చోటు ఉండదు.

కాబట్టి మొదట చేయాల్సిన పని గ్లాసుకు చోటు చూడటం. హాల్లో పెద్దవాళ్లు కూర్చునే చోటికి దగ్గర్లో, గోడకు భుజమెత్తున చిన్న చెక్క షెల్ఫు ఒకటి బిగిస్తే చాలు. కార్పెంటర్‌కు అరగంట పని. అది కుదరకపోతే ఫ్రిజ్ పైన, పుస్తకాల బీరువా పై అరలో. ఎక్కడైనా సరే, అదే చోటు రోజూ ఉండాలి. రోజుకో చోటయితే అలవాటు పడదు. అలవాటు పడకపోతే అలిసిపోయిన రోజున గ్లాసు మళ్లీ నేల మీదికే దిగుతుంది. చోటు దూరమయినా అంతే.

రెండోది ఒడి. చంటిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కాఫీ తాగడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పిల్ల ఒక్కసారి వెనక్కి విరుచుకుంటే తల గ్లాసుకు తగులుతుంది. ఒళ్లో పిల్ల ఉంటే చేతిలో వేడిది ఉండకూడదు, చేతిలో వేడిది ఉంటే పిల్ల ఇంకొకరి దగ్గర ఉండాలి. బాలింతల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్లకు మంచం పక్కనే ఫ్లాస్కులో వేడినీళ్లో పాలో పెడతారు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఒక చేత్తో పిల్లకు పాలిస్తూ ఇంకో చేత్తో ఫ్లాస్కు మూత తిప్పుతుంటారు. ఆ గ్లాసు నింపి ఇవ్వాల్సింది పక్కన పడుకున్న మనిషి.

ఈ మాట చెప్పడం తేలికే, ఇంట్లో అమలు చేయడమే కష్టం. "మావయ్యగారూ, ఆ గ్లాసు కాస్త పైన పెట్టండి" అని కోడలు రోజూ అనగలదా? ఒకసారి అంటుంది. రెండోసారికి మొహమాటం అడ్డొస్తుంది. మూడోసారి "మేం పిల్లల్ని పెంచలేదా?" అనే మాట వస్తుంది. ఈ రూలు కోడలి నోట వచ్చే కంటే ఇంటి పెద్దలు తమంతట తాము పెట్టుకుంటేనే నిలబడుతుంది. తాతయ్య తన గ్లాసు తానే లేచి షెల్ఫు మీద పెడితే, ఇంటికొచ్చిన చుట్టాలు కూడా చూసి అలాగే చేస్తారు. "పిల్లాడు లేచి నిలబడుతున్నాడండీ, టీ పైన పెడుతున్నాం" అంటే ఎవరూ తప్పు పట్టరు, నవ్వి మెచ్చుకుంటారు.

చుట్టాలొచ్చినప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. అరడజను గ్లాసులతో ట్రే నడుమెత్తున వస్తుంది. పట్టుకున్న మనిషికి ట్రే కింద ఏముందో కనిపించదు. కొత్తవాళ్లను చూసి హుషారెక్కిన పిల్ల అదే సమయానికి పరిగెడుతుంది. ట్రే బయల్దేరే ముందే పిల్లను ఎవరైనా ఎత్తుకోవాలి. లేదా అందరూ డైనింగ్ టేబుల్ దగ్గరికే వెళ్లి తాగి రావాలి. టేబుల్ మీద వేలాడే గుడ్డ ఉంటే తీసేయడం మంచిది. పిల్లలు అంచు పట్టుకుని లాగితే పైనున్నవన్నీ తల మీదికే వస్తాయి. కరెంటు కెటిల్ వైరు గట్టు మీద నుంచి వేలాడినా అంతే.

వాకర్ గురించి ఒక మాట. పిల్లలు త్వరగా నడుస్తారని కొంటారు, నిజానికి దాంతో నడక త్వరగా రాదు. చక్రాల మీద సెకనుకు మీటరు దాకా దూసుకెళ్తారు. గట్టు, స్టవ్, టీపాయ్ అన్నీ ఒక్కసారిగా అందుబాటులోకి వస్తాయి. కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. మన దగ్గర అన్నప్రాశనకు కానుకగా ఇస్తున్నారు.

టీతో సంబంధం లేకపోయినా స్నానాల నీళ్లనూ వదలకూడదు. బకెట్‌లో ముందు వేణ్నీళ్లు పోసి, చన్నీళ్లు తేవడానికి వెళ్లే ఆ అరనిమిషంలోనే పిల్లలు అందులో చెయ్యి పెడతారు, ఒక్కోసారి పడిపోతారు కూడా. ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడివి కలిపితే ఆ అరనిమిషం గొడవే ఉండదు. హీటర్ రాడ్ పెట్టిన బకెట్ తలుపు వేసిన బాత్రూంలో ఉండాలి. జలుబు చేస్తే గిన్నెలో మరిగిన నీళ్లు పెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించడం ఇంకో అలవాటు. 2020లో కోవిడ్ భయంతో ఆవిరి పట్టడం పెరిగినప్పుడు, దాని వల్ల కాలిన పిల్లలు బాగా ఎక్కువయ్యారని ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రి వైద్యులు హెచ్చరించారు. ఆవిరి పడితే పిల్లల జలుబు తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కాలే ప్రమాదం మాత్రం ఖాయంగా ఉంది.

అన్నీ చేసినా ఒలికిందనుకుందాం. మొదటి నిమిషంలో ఇంట్లో కేకలు, "ఏం చేస్తున్నావ్?" అని తల్లి మీద అరుపులు. ఆ గొడవలో పోయే టైమే గాయాన్ని లోతు చేస్తుంది. ముందు తడిసిన బట్టలు తీసేయాలి, ఎందుకంటే బనీను, డైపరు వేడి టీని పీల్చుకుని చర్మానికి అంటుకుని ఉంటాయి. చర్మానికి అతుక్కుపోయిన గుడ్డను మాత్రం లాగకూడదు. వాపు రాకముందే గాజులు, మొలతాడు, మెడలో గొలుసు, తాయెత్తు తీసేయాలి. వెంటనే పారే కుళాయి నీళ్ల కింద కాలినచోటును 20 నిమిషాలు ఉంచాలి. 20 నిమిషాలంటే చాలాసేపు. పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే రెండు నిమిషాలకే "ఇక చాల్లే" అనిపిస్తుంది. గడియారం చూసుకోవాలి. అందరూ కంగారులో ఆలస్యం చేసినా సరే, మూడు గంటల లోపల ఎప్పుడు చేసినా ఉపయోగమే. కుళాయి లేనిచోట బకెట్‌లో నీళ్లు పెట్టుకుని చెంబుతో ఆగకుండా పోస్తుండాలి. కాలినచోటు చల్లబడాలి గానీ పిల్లాడి ఒళ్లంతా చల్లబడకూడదు, మిగతా ఒంటికి పొడి తువ్వాలు చుట్టాలి. ఐసు పెట్టకూడదు, అది గాయాన్ని ఇంకా పాడుచేస్తుంది.

ఇంగ్లిష్ దేశాల సలహాల్లో కనిపించని విషయం ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట మన డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. ఆ నీళ్లు కాలిన చర్మం మీద పోస్తే మేలు కంటే కీడే ఎక్కువ. కుళాయి కాసేపు వదిలి, వేడి తగ్గిందో లేదో చేత్తో చూశాకే వాడాలి. తగ్గకపోతే బోరు నీళ్లో, కుండలో నీళ్లో, తాగే క్యాన్ నీళ్లో తీసుకోవాలి.

చుట్టుపక్కల వాళ్లొచ్చి తలా ఒక మందు చెబుతారు. టూత్‌పేస్ట్, ఇంకు, కాఫీ పొడి, ఇడ్లీ పిండి, పసుపు, నెయ్యి. ఇవన్నీ వేడిని లోపలే ఆపుతాయి, కొన్ని క్రిములను తెస్తాయి. ఆసుపత్రిలో మళ్లీ వాటిని గీకి తీయాలి, ఆ నొప్పి పిల్లాడిదే. మందుల షాపులో ఇచ్చే తెల్లటి ఆయింట్‌మెంట్ కూడా డాక్టరు చూసేదాకా రాయకపోవడమే మంచిది. అది పూశాక గాయం ఎంత లోతో తెలియదు. నీళ్లు పోయడం అయ్యాక శుభ్రంగా ఉతికిన నూలు గుడ్డను వదులుగా కప్పి బయల్దేరాలి. వంటింట్లో క్లింగ్ ఫిల్మ్ (గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ పొర) ఉంటే ఇంకా నయం, అది గాయానికి అంటుకోదు. బొబ్బలు చిదపకూడదు.

అయిదేళ్లలోపు పిల్లలకు బొబ్బ వచ్చిందంటే డాక్టరు చూడాల్సిందే. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు కాలినా, పిల్లాడి అరచెయ్యి కంటే పెద్ద గాయమైనా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా, విశాఖలో కింగ్ జార్జ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాలిన గాయాలకు వేరే వార్డులున్నాయి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో టెన్షన్ ఎదురవుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో కాలిన పిల్లాడితో ఆసుపత్రికి వెళ్తే ఎలా జరిగింది, ఎవరున్నారు, ఎంతసేపటికి వచ్చారు అని పదేపదే అడుగుతారు. అది అందరినీ అడిగేదే. మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలల కోసం వెళ్లిన అమ్మమ్మలు దానికి భయపడి విషయం దాచిపెట్టడం గానీ, కథ మార్చి చెప్పడం గానీ చేయకూడదు. జరిగింది జరిగినట్టు చెబితే చాలు.

మొదటి రోజు ఎర్రగా మాత్రమే కనిపించిన చోట రెండో రోజో మూడో రోజో గాయం లోతుగా తేలవచ్చు. అందుకే ఒకసారి చూపించి వదిలేయకుండా డాక్టరు రమ్మన్న రోజున మళ్లీ వెళ్లాలి. గాయం చిన్నదైనా ఆ వారంలో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు, మగతగా ఉండటం లాంటివి కనిపిస్తే "వైరల్ ఫీవరేమోలే" అనుకోకూడదు. కాలినచోట చేరిన క్రిముల విషం రక్తంలోకి ఎక్కితే పిల్లలు గంటల్లో నీరసించిపోతారు. రెండు వారాల్లోపు మానిన గాయం చాలావరకు పెద్ద మచ్చ లేకుండానే పోతుంది. మూడు వారాలు దాటినా మానని చోట చర్మం లావెక్కి, దురద పెట్టి, బిగుసుకునే అవకాశం ఎక్కువ. పిల్లాడు ఎదుగుతున్నా ఆ చర్మం అంతగా సాగదు. మెడ దగ్గరో చంక దగ్గరో అలా బిగిస్తే ఏళ్ల తర్వాత, బడికి వెళ్లే వయసులో, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.